జపాన్‌లో అడవి మాంసం తినాలనుకుంటే: నెల చూసుకోండి, ఊరు అడగండి, బాగా ఉడికించండి

జపాన్‌లో వేట మాంసాన్ని జిబియె అంటారు. ఫ్రెంచి వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న మాట. అడవి పంది, జింక, అడవి బాతు, ఎలుగుబంటి, చివరికి వాళ్ల జాతీయ పక్షి కిజి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇలాంటి జంతువులను వేటాడి తినడం నేరం. అక్కడ లైసెన్సు ఉన్న వేటగాళ్లు కొట్టిన మాంసాన్ని రెస్టారెంట్లు బిల్లు ఇచ్చి అమ్ముతాయి. కారణం మన రైతుకు బాగా తెలిసిందే. మొక్కజొన్న, వేరుశనగ చేలను రాత్రికి రాత్రే పందులు తవ్విపోసిన బాధ మన ఊళ్లలో ఉన్నట్టే, జపాన్ కొండ ఊళ్లలోనూ ఉంది. అక్కడ అడవి జంతువుల వల్ల ఏటా 1500 కోట్ల యెన్‌లకు పైగా విలువైన పంట పోతోంది. అందులో సగానికి పైగా జింకలు, పందుల పనే. అందుకే చంపక తప్పని జంతువును పారేయకుండా తినమని ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది.

ఉద్యోగానికో, చదువుకో, టూర్‌కో జపాన్ వెళ్లి, మాంసం తినే అలవాటు ఉండి, కొత్త రుచి చూడాలని ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ భోజనం బాగుంటుందా లేదా అన్నది మసాలా మీద ఆధారపడదు. ఏ నెలలో తిన్నారు, జంతువును ఎక్కడ ఎవరు కోశారు, ముక్క ఎంత ఉడికింది అన్నవి సరిగ్గా ఉంటే అడవి పంది అంత కమ్మని మాంసం అరుదు. అవి తప్పితే నీచు వాసన ఒక్కటే కాదు, జబ్బు కూడా తెచ్చుకుంటారు.

ముందు నెల చూసుకోండి

జపాన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో వేట సీజన్ నవంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు. ఉత్తరాన ఉన్న హొక్కాయ్‌డో దీవిలో అక్టోబరు 1కే మొదలవుతుంది. పందులు, జింకలు ఎక్కువగా ఉన్న చోట్ల గడువు పెంచుతారు. పంట రక్షణ కోసం చేసే వేట మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది కాబట్టి, ఏ నెలలో వెళ్లినా మెనూలో జింక కనిపిస్తుంది.

మెనూలో ఉన్నంత మాత్రాన దానికి అది రుచి కాలం కాదు. అడవి పందిని చలికాలంలోనే తినాలి. శరదృతువంతా రాలిన గింజలు, చెస్ట్‌నట్‌లు తిని డిసెంబరు నాటికి చర్మం కింద వేలెడు మందాన తెల్లటి కొవ్వు పెంచుకుంటుంది. పంది మాంసం రుచంతా ఆ కొవ్వులోనే ఉంది. అదే పందిని ఎండాకాలంలో తింటే సన్నబడిన ఎర్ర కండ తప్ప ఏమీ దొరకదు. జింక సంగతి వేరు. ఎండాకాలమంతా పచ్చిగడ్డి మేసి, శరదృతువులో జతకట్టే కాలం మొదలయ్యే ముందు నిండుగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వెళ్తున్నవారు పందిని పక్కనపెట్టి జింకను అడగండి. అడవి బాతు చలికాలం పక్షి. ఉత్తరం నుంచి వలస వచ్చి, వరి కోసిన మళ్లలో గింజలు ఏరుకుని బలుస్తుంది.

షాపు ఎలా ఎంచుకోవాలి

ఈ దశకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టండి.

ఆవు, గుర్రం, పంది, గొర్రె, మేక, ఈ అయిదింటికీ జపాన్‌లో కబేళా చట్టం ఉంది. కోసిన ప్రతి జంతువునూ పశువైద్య అధికారులు పరీక్షిస్తారు. అడవి పంది, జింక ఆ చట్టం కిందికి రావు. కొండలో వేటాడి చంపిన జంతువు విషయంలో వేటగాడి చేయి, మాంసం శుద్ధి చేసే చోటి శుభ్రత, వంటవాడి జాగ్రత్తే దిక్కు. అందుకే 2014లో ఆరోగ్య శాఖ అడవి మాంసం శుభ్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2018లో వ్యవసాయ శాఖ జిబియె శుద్ధి కేంద్రాలకు ధ్రువీకరణ మొదలుపెట్టింది. మంచి షాపులో మాంసం ఏ ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) నుంచి వచ్చిందో, కొన్నిచోట్ల ఏ కేంద్రం నుంచి వచ్చిందో బోర్డు మీదే రాసి ఉంటుంది. రాయకపోతే అడగండి. "ఇనోషిషి వా దొకొనొ దెస్ కా", అంటే పంది ఎక్కడిది అని. నిజంగా తెలిసినవాడు వెంటనే ఊరి పేరు చెప్తాడు, ఇంకాస్త ఉత్సాహం ఉంటే వేటగాడి గురించి కూడా చెప్తాడు. తడబడితే, "అడవి నుంచే" అని నవ్వేసి తప్పించుకుంటే, ఆ రాత్రికి కోడి తినండి.

వాసన సంగతీ ఇక్కడే తేలుతుంది. అడవి మాంసం అంటేనే కంపు అని చాలామంది నమ్మకం. తప్పు చాలావరకు జంతువుది కాదు. పడిన వెంటనే నెత్తురు పూర్తిగా వదిలించి, పేగులు తీసి, త్వరగా చల్లబరిస్తే వాసన దాదాపు ఉండదు. ఆలస్యమైతే ఎన్ని మసాలాలు దట్టించినా పోదు. జతకట్టే కాలంలో కొట్టిన మగ పంది మాత్రం సహజంగానే వాసన వేస్తుంది. ఆ సంగతి తెలిసిన షాపులు ఆడ పందినే కొంటాయి.

షాపుల్లో స్థూలంగా మూడు రకాలు. మొదటిది పాత నబె ఇళ్లు. నబె అంటే బల్ల మీద పొయ్యి పెట్టి కుండలో ఉడికించుకుని తినే భోజనం. టోక్యోలో ర్యోగొకు దగ్గరున్న మొమొంజియా 1718లో మొదలైన ఇల్లు, అడవి పందికి పేరు. అంత పాత ఇంట్లో కూర్చోవడానికైనా ఒకసారి వెళ్లాలి. రెండోది పల్లెటూళ్లు, వాటి సత్రాలు. హ్యోగొ ప్రిఫెక్చర్‌లోని తంబా ససయామ పంది కుండకు దేశమంతటా పేరు పొందిన ఊరు. జింకకైతే హొక్కాయ్‌డో, నగానో. సమయం ఉన్నవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఈ రెండో దారే. చలిలో కొండ ఊరికి బస్సులో వెళ్లి, అక్కడి పందిని అక్కడి మిసోతో (పులియబెట్టిన సోయా ముద్ద), అక్కడి కూరగాయలతో తిన్న రుచి నగరంలో దొరకదు. మూడోది నగరాల్లోని జిబియె ఇజకాయలు, అంటే మద్యంతో పాటు చిన్న చిన్న వంటకాలు పెట్టే షాపులు. ఆఫీసు అయ్యాక నలుగురు స్నేహితులు కలిసి తక్కువ ఖర్చులో రకరకాలు రుచి చూడటానికి ఇవి బాగుంటాయి.

ఇవి కాక మొసలి, కంగారూ, నిప్పుకోడి అని వింత జంతువుల జాబితా గోడకు తగిలించే బార్లు కూడా ఉన్నాయి. వాటిలో చాలావరకు ఎక్కడో ఫారాల్లో పెంచి, గడ్డకట్టించి ఓడలో తెచ్చిన మాంసమే. సరదాకి వెళ్లొచ్చు. జపాన్ అడవి రుచి కావాలంటే మాత్రం మీ డబ్బు అక్కడ పెట్టకండి.

బుక్ చేసేటప్పుడు చెప్పాల్సినవి

నబె ఇళ్లకు ముందుగా ఫోన్ చేయకుండా వెళ్లకండి. చాలాచోట్ల కనీసం ఇద్దరుంటేనే కుండ పెడతారు. పంది కుండకు మనిషికి సుమారు 5000 నుంచి 8000 యెన్‌లు అనుకోండి. చిన్న షాపులు కార్డు తీసుకోకపోవచ్చు, నోట్లు దగ్గర ఉంచుకోండి. ఇజకాయల్లో కూర్చోగానే అడగకుండానే ఓ చిన్న గిన్నెలో ఏదో పెట్టి, దానికి మనిషికి కొన్ని వందల యెన్‌లు వేస్తారు. దాన్ని ఒతోషి అంటారు. అది అక్కడి పద్ధతి, గొడవపడే విషయం కాదు.

ఏ మాంసం తినరో ఫోన్‌లోనే చెప్పేయండి. బీఫ్ తినని వాళ్లయితే "గ్యూనికు వా తబెరరెమసెన్" అనండి. ప్లేట్‌లో బీఫ్ ముక్క లేకపోయినా, పక్కన పెట్టే కూరలోనో సాసేజ్‌లోనో కలిసి ఉండొచ్చు. కుండలోని పులుసులో దాషి అనే చేపల రసం, సాకే అనే బియ్యం మద్యం, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం మామూలుగా ఉంటాయి. మద్యం చుక్క కూడా వద్దనుకునేవాళ్లకు, హలాల్ పాటించేవాళ్లకు ఈ షాపులు కుదరవు.

మెనూలో పూల పేర్లు

ఫోన్ కెమెరాతో మెనూని అనువదిస్తే తెర మీద చెర్రీ పూలు, పియొని పూలు, మేపుల్ ఆకులు కనిపిస్తాయి. యాప్ పాడవలేదు. ఆ షాపుల్లో మాంసాన్ని అలాగే పిలుస్తారు. బోతన్, అంటే పియొని, అడవి పంది. పల్చగా కోసిన ముక్కలను పళ్లెంలో పూరేకుల్లా పేరుస్తారు. మోమిజి, అంటే మేపుల్, జింక. వాళ్ల హనఫుదా పేకముక్కల్లో జింక పక్కన ఎప్పుడూ మేపుల్ ఆకులే ఉంటాయి. సకురా, అంటే చెర్రీ పువ్వు, గుర్రం. కషివా అంటే కోడి. పాత షాపుల బోర్డు మీద "యమకుజిర" కనిపిస్తే, మాటకు అర్థం కొండ తిమింగలం, ఉన్నది అడవి పంది.

ఈ దాపరికానికి పెద్ద చరిత్రే ఉంది. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. పంది, జింక ఆ జాబితాలో లేవు గానీ, బౌద్ధం ప్రభావంతో నాలుగు కాళ్ల జంతువును తినడమే మైల అన్న భావన బలపడింది. జనం మాత్రం తినడం పూర్తిగా మానలేదు. టోక్యోను ఎదో (Edo) అని పిలిచిన పాత కాలంలో "మందుగా తింటున్నాం" అని తిన్నారు, తిమింగలాన్ని చేపగా లెక్కగట్టేవాళ్లు కాబట్టి పందికి ఆ పేరు పెట్టారు. నగానోలోని సువా క్షేత్రమైతే జింక తిన్నా పాపం అంటదని అనుమతి పత్రం, దానితో పాటు ప్రత్యేకమైన చాప్‌స్టిక్‌లు ఇచ్చేది. హిరొషిగె అనే చిత్రకారుడు గీసిన ఎదో నగర దృశ్యాల్లో, మంచు కురుస్తున్న వీధిలో పెద్ద యమకుజిర బోర్డు ఉన్న బొమ్మ ఒకటుంది. 1858 నాటిది. వీలైతే భోజనానికి ముందు ఆ బొమ్మ చూసి వెళ్లండి.

మామూలు పేర్లు కూడా గుర్తుంచుకోండి: ఇనోషిషి పంది, షిక జింక, కమో బాతు, కుమ ఎలుగుబంటి, ఉమ గుర్రం. బాతులో అయిగమో అని ఉంటే అది పెంపుడు సంకరజాతి, మగమో అడవి జాతి.

ఏది ముందు, ఏది తర్వాత

తేలిక రుచి నుంచి ఘాటు రుచికి వెళ్లండి. మొదట జింక. కొవ్వు చాలా తక్కువ, ఎర్రటి కండ, మేక మాంసం తిన్న నోటికి కొత్తగా అనిపించదు. కాల్చిన జింక ముక్కలు ఉప్పుతోనో, వసాబి అనే ఘాటైన పచ్చ ముద్దతోనో తీసుకోండి. తర్వాత బాతు. పొడుగు ఉల్లికాడలతో కలిపి కాల్చినది దొరికితే వదలకండి, బాతు కొవ్వు పీల్చుకున్న ఆ ఉల్లికాడ బాతుకన్నా రుచిగా ఉంటుంది. కనజావా వైపు వెళ్తే జిబుని అనే వంటకం అడగండి. బాతు ముక్కలకు పిండి పట్టించి చిక్కటి పులుసులో ఉడికిస్తారు. ఆ ఇషికావా ప్రిఫెక్చర్‌లోనే కగాలో సాయంత్రం ఎగిరే బాతుల మీదికి వల విసిరి పట్టే పాత పద్ధతి ఇప్పటికీ ఉంది. తుపాకీతో కొట్టిన బాతైతే నెమ్మదిగా నమలండి, సీసపు గుండు పంటి కింద పడొచ్చు.

ఆ తర్వాతే పంది కుండ. ఎలుగుబంటి చివర్న, అది కూడా నిజంగా ఆసక్తి ఉంటేనే. అకితా కొండల్లో మతగి అనే సంప్రదాయ వేటగాళ్లు ఉన్నారు, ఎలుగు కుండ వాళ్ల చలికాలం వంట. దాని కొవ్వు నోట్లో తేలిగ్గా కరుగుతుంది, కండకు మాత్రం అడవి వాసన గట్టిగా ఉంటుంది. ఊళ్లలోకి వచ్చి మనుషుల మీద పడటం ఎక్కువవడంతో 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఎలుగుబంట్లను సంఖ్య నియంత్రించాల్సిన జంతువుల్లో చేర్చింది. అయినా మాంసం అరుదుగానే దొరుకుతుంది, ధర ఎక్కువ.

కుండ ముందు కూర్చున్నాక

బోతన్ నబెలో మిసో కలిపిన పులుసు ఉంటుంది. అందులో ముందు గట్టి దుంపలు వేయండి. గోబో అనే వేరు, ముల్లంగి, క్యారెట్. పులుసు తెర్లాక పంది ముక్కలు ఒక్కొక్కటిగా విడదీసి వేయండి. పళ్లెంలోని పువ్వునంతా ఒక్కసారి కుండలోకి తోసేస్తే ముక్కలు అతుక్కుపోయి లోపల ఉడకవు. ఆకుకూరలు, టోఫు, పుట్టగొడుగులు ఆఖర్న.

చాలామంది ఇక్కడ తొందరపడతారు. షాబు షాబు లాగా రెండుసార్లు ముంచి తీసేది కాదు ఇది. అడవి పంది మాంసం ఎంత ఉడికితే అంత మెత్తబడుతుంది. తెల్ల కొవ్వు ముందు కాస్త పంటికి తగిలినా, పది నిమిషాలు గడిచాక నోట్లో వెన్నలా కరుగుతుంది. కబుర్లు చెప్పుకుంటూ ఆగండి. జింకను ఇంతసేపు ఉడికిస్తే గట్టిపడుతుంది, కాబట్టి రెండూ ఒకే కుండలో వేయొద్దు. సన్షో అనే జపాన్ మిరియపు పొడి ఇస్తారు. చిటికెడు చల్లుకుంటే నాలుక తిమ్మిరెక్కి, కొవ్వు జిడ్డు తెలియదు. కారం తక్కువైందనిపిస్తే షిచిమి అడగండి, ఎండుమిర్చి కలిసిన పొడి.

పచ్చి మాంసం ముట్టుకున్న చాప్‌స్టిక్‌లతో తినకండి. ముక్కలు వేయడానికి వేరే జత ఇస్తారు. ఇవ్వకపోతే "తొరిబషి ఒనెగయ్ షిమస్" అనండి.

ముక్కలు అయిపోయాక పులుసు పారేయొద్దు. "షిమె" అడిగితే ఉదొన్ సేమ్యానో, అన్నమో తెచ్చి ఆ పులుసులోనే ఉడికిస్తారు. పంది కొవ్వు, మిసో, కూరగాయల సారం అంతా దిగిన ఆ పులుసులో ఉడికిన అన్నం కోసం కడుపులో కాస్త చోటు ఉంచుకోండి.

పచ్చి మాంసం విషయంలో గట్టిగా ఉండండి

జపాన్‌లో పచ్చిగా తినడం మామూలే అనుకుని అడవి మాంసాన్ని పచ్చిగా తినకండి. ఎవరు పెట్టినా, ఎంత ప్రేమగా పెట్టినా వద్దనండి. 2003లో హ్యోగొలో పచ్చి జింక మాంసం తిన్నవాళ్లకు హెపటైటిస్ ఈ (E) అనే లివర్ జబ్బు సోకింది. ఆ మాంసం నుంచే సోకిందని పరిశోధనలో తేలింది. 2016లో ఇబారాకిలో ఒక రెస్టారెంట్లో సరిగా ఉడకని ఎలుగుబంటి మాంసం తిన్నవాళ్లకు ట్రికినెల్లా అనే పురుగు పట్టింది. అడవి జంతువుల్లో ఉండే ఈ పురుగు రకాల్లో కొన్ని ఫ్రీజర్ చలికి కూడా చావవు. గర్భిణులకు హెపటైటిస్ ఈ ప్రాణాంతకం కావచ్చు. వాళ్లు, చిన్నపిల్లలు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు కుండలో బాగా మరిగినది తప్ప ఇంకేదీ ముట్టకపోవడం మంచిది.

లెక్క ఇదీ: ముక్క మధ్య భాగం 75 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉండాలి. తెర్లుతున్న కుండలో పల్చటి ముక్కకు ఇబ్బంది లేదు. టెన్షన్ అంతా కాల్చిన జింకతోనే, ఎందుకంటే లోపల గులాబీ రంగులో వడ్డిస్తారు. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా క్రిములు చస్తాయి. 63 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచితే అదే ఫలితం. జాగ్రత్తపరులైన వంటవాళ్లు అలాగే చేస్తారు, కాబట్టి గులాబీ రంగు ఉన్నంత మాత్రాన పచ్చిది అనుకోనక్కర్లేదు. రంగు చూసి ఎవరూ తేల్చలేరు, అడగాలి: "నమ దెస్ కా", పచ్చిదా అని. జవాబు నమ్మకంగా అనిపించకపోతే "యొకు యైతె కుదసయ్", బాగా కాల్చండి అనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

గుర్రం ఒక్కటి వేరు. అది అడవిది కాదు, ఫారంలో పెంచినది, కబేళాలో పరీక్ష అయినది. పచ్చిగా తినే గుర్రపు మాంసం బసాషి. అందులో ఉండే సార్కోసిస్టిస్ అనే పరాన్నజీవిని చంపడానికి మైనస్ 20 డిగ్రీల్లో 48 గంటలు, లేదా దానికి సమానంగా, గడ్డకట్టించమని 2011 నుంచి నిబంధన ఉంది. కుమమోతోలో తియ్యటి సోయా సాస్, అల్లం, వెల్లుల్లితో ఇస్తారు. ఫుకుషిమాలోని అయిజులో కారం మిసోతో ఇస్తారు, మన నోటికి అదే నచ్చుతుంది. పచ్చిది మనసొప్పకపోతే సకురా నబె తినండి. కగొషిమా, మియజాకిల్లో కోడిని పచ్చిగా ఇచ్చే అలవాటుంది, అది వద్దు.

తిన్న కొన్ని వారాలకు జ్వరం, విపరీతమైన నీరసం, కళ్లు పచ్చబడటం, కండరాల నొప్పులు, కనురెప్పల వాపు లాంటివి కనిపిస్తే, డాక్టరుకు ఏ మాంసం ఎప్పుడు తిన్నారో మీ అంతట మీరే చెప్పండి. హెపటైటిస్ ఈ బయటపడటానికి రెండు నెలల దాకా పట్టొచ్చు. అప్పటికి ఆ భోజనం మీరే మర్చిపోయి ఉంటారు, డాక్టరు దాని గురించి అడగాలన్న ఆలోచన కూడా రాకపోవచ్చు. షాపు పేరు, తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

ఇంటికి తెచ్చుకోవచ్చా

వద్దు. పల్లె రోడ్ల పక్కన ఉండే మిచినొఎకి దుకాణాల్లో జింక కూర డబ్బాలు, పంది సాసేజ్‌లు ముచ్చటగా ప్యాక్ చేసి అమ్ముతారు. జపాన్‌లో ఉంటున్నవాళ్లు కొనుక్కుని వండుకోండి, జింక డబ్బా కూర వేడి అన్నంలో బాగుంటుంది. ఇండియాకు వచ్చే సూట్‌కేసులో మాత్రం పెట్టొద్దు. మాంస పదార్థాలు తేవాలంటే ముందస్తు అనుమతి కావాలి, అడవి జంతువుదైతే వన్యప్రాణి చట్టంతోనూ చిక్కే. కొన్ని షాపుల్లో కనిపించే తిమింగలం మాంసమైతే అరుదైన జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ సైటెస్ ఒప్పందం వల్ల జపాన్ సరిహద్దు దాటించడమే నేరమవుతుంది. ఊళ్లో వాళ్లకు రుచి చూపించాలని ఉంటే సన్షో పొడి, మిసో తీసుకెళ్లండి. మన నాటుకోడి పులుసులో దించే ముందు ఓ చెంచా మిసో కలిపితే చాలా బాగా కుదురుతుంది, ఉప్పు మాత్రం ఆ మేరకు తగ్గించుకోండి.